గోలకొండ కొట్టు – రామదాసు చెఱ



కోత ముగిసి, నూర్పు ముగిసి, ధాన్యము కళ్లమునుండి యింటికి వచ్చిన నాటి రాత్రి కర్షకునకు నిశ్చింతగా నిద్రపట్టదు. పండించుట యొక పని. పండినదానిని దాచుట మఱియొక పని. మన పూర్వులు దానికొఱకు గాదెలు అల్లిరి. గడ్డి పేని పురులు కట్టిరి. మెట్టనేలలలో పాతరలు త్రవ్విరి. కలిగినవారు ఇంటిలో నొక మూల ఎలుక దూరని కొట్టుగదిని కట్టుకొనిరి. ఈ సంగతులు మీకు నేను చెప్పవలసిన పని లేదు. నేడు నేను చెప్పదలచినదియు నట్టి కొట్టును గుఱించియే. కాని అది రైతు కట్టుకొన్న కొట్టు కాదు. రాజులు కట్టించిన కొట్టు. మొదట సరకులు దాచుటకు దానిని కట్టిరి. పిదప నొక మనుష్యుని బంధించుటకు వాడిరి. నేడు జనులు దానియెదుట చేతులు జోడించుచున్నారు. ఒక్క కట్టడమునకు మూడు బ్రతుకులు కలిగినవి. అదెట్లు సంభవించినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ముందుగా మాటనుగుఱించి యొక మాట. సరకులు దాచు కట్టడమును ఇంగ్లీషువారు గోడౌన్ అందురు. ఆ పదమును వారు మలయా రేవులలో నేర్చుకొనిరనియు, మలయావారికి అది మన తెలుగు గిడ్డంగినుండియో అఱవవారి కిడంగునుండియో చేరియుండుననియు భాషావేత్తలు కొందఱు తలంచుచున్నారు. గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణము. అచటినుండి మన అద్దకపుబట్టలు తూర్పుదీవులకు ఓడలమీద పోవుచుండెడివి. బట్టలతోపాటు మాటలును ప్రయాణము చేయుట వింత కాదు. అట్లే పడమటినుండి మనకు వచ్చిన మాట అంబారము. పారసీకభాషలో అంబార్ అనగా కొట్టు, రాశి. ఖానా అనగా ఇల్లు. ధాన్యరాశిని మనము నేటికిని అంబారమనుచునే యున్నాము. గోలకొండ కొండమీది రాజుల ధాన్యశాలకు అంబార్‌ఖానా అని పేరు.

హైదరాబాదు పాతనగరమునకు పోయినవారు చార్మినారు చూతురు, చార్‌కమాను చూతురు, మక్కామసీదు చూతురు. ఆ నగరము 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా వేయించినది. కోటలో జనము క్రిక్కిఱియుటచే మూసీనది కావలియొడ్డున విశాలమైన వీధులతో కొత్త పట్టణమును నిర్మించిరి. బజారులు, మేడలు, తోటలు, ఆస్పత్రి అన్నియు అచట వెలసినవి. కాని ఆ పట్టణమునకు బలమైన ప్రాకారము ఆనాడు లేకుండెను. కావున సుఖకాలమున రాజు నగరములో నుండినను, ఆపత్కాలమున పశ్చిమముగా కొన్ని కోసుల దూరమందున్న గోలకొండకే పరుగెత్తవలసివచ్చెడిది. 1656లో రాకుమారుడైన ఔరంగజేబు దండెత్తి వచ్చినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా అట్లే కోట చేరెను, నగరము కొల్లబోయెను. 1685లో మొగలులు మరల వచ్చినప్పుడు అబుల్‌హసన్ తానీషాయు అట్లే కోట చేరెను. నగరము మరల కొల్లబోయెను. అనగా వ్యాపారము చార్మినారు చుట్టు జరుగుచున్నను, ప్రాణము నిలుపుకొను తిండి మాత్రము కొండమీద దాచుకొనవలసినదే. అందుచేత పాతనగరపు చరిత్ర తెలియగోరువాడు చార్మినారు చూచిన కంటితోనే ఆ కొండమీది కొట్లను కూడ చూడవలెను.

నేను ఆ కొండ యెక్కితిని. రాతిమెట్లు 300లకు మించియున్నవి. త్రోవలో అక్కన్న మాదన్నల కచ్చేరి యని చెప్పు కట్టడమును, మట్టిగొట్టముల గుండ నీరు పైకెక్కించిన జాడలును, ఇబ్రహీం మసీదును, బండల నడుమ జగదాంబ అమ్మవారి గుడియును కానవచ్చును. ఆషాఢమాసమున జంటనగరముల బోనాలు ఆ యమ్మవారి సన్నిధినే మొదలగును. ఈ త్రోవలోనే అంబార్‌ఖానా శిథిలములు ఉన్నవి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున, 1642లో, రాజసేవకుడైన ఖైరాత్‌ఖాను దానిని కట్టించెనని పారసీక శిలాశాసనము తెలుపుచున్నది. రాజభవనమునకు శాసనము వేయించుట అంతట నున్నదే. ధాన్యపుకొట్టునకు శాసనము వేయించిరన్నచో, ఆనాటివారు దానికెంత గౌరవమిచ్చిరో ఊహింపవచ్చును.

కొట్టు కట్టుట సులభమని తోచును గాని సులభము కాదు. ధాన్యమునకు శత్రువులు నలుగురు: తేమ, ఎలుక, పురుగు, దొంగ. తేమ రాకుండ ఎత్తైన రాతినేల కావలెను. ఎలుక దూరకుండ గోడలో సందు లేకుండవలెను. ఎండవేడిమి లోనికి దిగకుండ గోడ దళసరిగా నుండవలెను. దొంగకు అవకాశము లేకుండ వాకిలి ఒకటియే యుండి, అదియు కావలివాని కనుచూపులో నుండవలెను. లోపలి వేడిగాలి పోవుటకు పైభాగమున చిన్న రంధ్రము చాలును, కిటికీలు పనికిరావు. గోలకొండ మేస్త్రీలకు ఈ నేర్పు చక్కగా తెలియును. కొండయే నల్లసేనపు రాయి. దానినే చీల్చి, గచ్చుతో పేర్చి, దూలము లేకుండ కమానుగా కప్పువేసిరి. దూలము లేనిచోట చెదకు పని లేదు. కొయ్య లేనిచోట అగ్నిభయమును తక్కువ.

ఆ కొట్ల విలువ 1687లో బయటపడినది. ఆ సంవత్సరారంభమున ఔరంగజేబు చక్రవర్తి గోలకొండను ముట్టడించెను. ముట్టడి ఎనిమిది నెలలు సాగెను. సామాన్యముగా ముట్టడిలో లోపలివారు ఆకలితో మాడుదురు. బయటివారు తిని కూర్చుందురు. ఇచట తలక్రిందులైనది. దేశమున కఱవు, వానలు, రోగములు కలిసి మొగలుల దండునే పీడించెను. ఖాఫీఖానను చరిత్రకారుడు ఒక చిత్రమైన సంగతి వ్రాసియున్నాడు. తనకు పట్టుబడిన మొగలు సరదారులను తానీషా చంపింపలేదు. వారికి తన ధాన్యపుకొట్లను, ధనాగారములను చూపించి, సగౌరవముగా వదలిపెట్టెనట. చక్రవర్తి తన రాజ్యమును తనకు విడిచి సామంతునిగా అంగీకరించినచో, ఆకలిగొన్న మొగలు సైన్యమునకు ధాన్యము పంపుదునని వర్తమానము కూడ పంపెనట. ఔరంగజేబు ఒప్పుకొనలేదు. శత్రువునకు కత్తి చూపించు రాజులను చరిత్రలో పెక్కుమందిని చూతుము. గాదె చూపించిన రాజును నేను ఈ యొక్కచోటనే చదివితిని. తుదకు సెప్టెంబరు నెలలో కోటలోని యధికారి యొకడు లంచమునకు లొంగి రాత్రివేళ ద్వారము తెఱచెను. కోట తిండిలేక ఓడలేదు. తలుపు తీయుటచే ఓడినది. ఎంత గట్టి కొట్టునకైనను తాళముచెవి పట్టుకొన్నవాడే అసలు గోడ యని మన యిండ్లలో పెద్దలు చెప్పుమాట ఇచట నిజమైనది.

ఇక నేను చెప్పదలచిన అసలు కొట్టు. దానిని రామదాసు కొట్టు అందురు; రామదాసు చెఱ యనియు అందురు. సరకులు దాచుటకు మొదట కట్టిన యీ గది పిదప చెఱసాలగా మార్పబడినది. అందు బంధింపబడిన కంచెర్ల గోపన్న మీ యందఱికి తెలిసినవాడే. నేలకొండపల్లివాడు. తానీషాకొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. వారి ప్రాపున పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. భద్రాచలమున జీర్ణావస్థలోనున్న రామునికి గుడి కట్టించి, నగలు చేయించి, అందుకొఱకు సర్కారు పన్నుసొమ్ము వ్యయము చేసెను. ఆ సొమ్ము ఆఱు లక్షలనియు, శిక్ష పండ్రెండేండ్లనియు మన పెద్దలు చెప్పుదురు. రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలను పేర్లతో వచ్చి తానీషాకు ఆ సొమ్ము చెల్లించి రసీదు తీసికొనిరను కథ ప్రతి తెలుగు పల్లెలోను భజనలలో వినబడుచున్నది.

ఇచట మనము ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఆ కొట్టు ఏ రాజుది? రైతుల పన్నుతో బ్రతుకు రాజుది. పన్ను ధనమైనను ధాన్యమైనను తుదకు చేరునది అట్టి కొట్లకే. ఏ కొట్టును నింపుటకు గోపన్నకు ఉద్యోగమిచ్చిరో, ఆ కొట్టు నింపనందుకు గోపన్నను తెచ్చి ఆ కొట్టులోనే పెట్టిరి. పన్ను రాని చోట పన్ను వసూలు చేయవలసినవానిని నిల్వచేసిరి! దీనిని దైవలీల యనువారు కలరు. లెక్క తప్పిన ఉద్యోగికి తగిన శిక్ష యనువారును కలరు. నేను ఇరువురిని కాదనజాలను. సర్కారు సొమ్మునకు లెక్క చెప్పుమని యడిగిన రాజును దుష్టుడని యెట్లు అనగలము? ఆ తానీషాయే పిదప పశ్చాత్తాపముతో భద్రాద్రిరాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపెనని సంప్రదాయము చెప్పుచున్నది. ప్రభుత్వము పంపు తలంబ్రాలతో ఆ యాచారము నేటికిని సాగుచున్నది. ఇక గోపన్నయో, తనకొఱకు కాసైనను దాచుకొనలేదు. చెఱలో నుండి పాడిన కీర్తనలలో నొకదానియందు ఆయన ఏ నగకు ఎన్ని వరహాలైనవో రామునికి ఒక్కొక్కటిగా లెక్క చెప్పి నిష్ఠురమాడెను. రాజునకు చెప్పవలసిన లెక్కను దేవునికి చెప్పెను. ఆ కీర్తన వినునప్పుడెల్ల నాకు తహశీలుదారు కవిలెకట్ట విప్పి చదువుచున్నట్లే తోచును. భక్తుడైనను ఆయన లెక్క మఱచిన ఉద్యోగి కాడు.

నేను ఆ గదిలోనికి పోయిన దినమున బయట ఎండ మండుచుండెను. వాకిలి దాటినంతనే చల్లదనము, చీకటి. కొంతసేపటికి కన్ను అలవాటుపడి దళసరి గోడలు, ఎత్తైన కమానుకప్పు, ఆ కప్పునందలి చిన్న రంధ్రము కనబడినవి. ఆ రంధ్రము గుండ వెలుతురు నేలమీద రూపాయబిళ్లవలె పడుచుండెను. ఖైదీకి ఆహారము దానిగుండనే దించెడివారని అచటివారు చెప్పుదురు. ఎదుటిగోడమీద రామలక్ష్మణుల యొక్కయు, ఆంజనేయుని యొక్కయు రూపములు చెక్కబడియున్నవి. రామదాసే చెక్కెనని జనుల విశ్వాసము. అవి గొప్ప శిల్పములు కావు. ఉలి పట్టుట కలవాటు లేని చేతిపనియేమో యనిపించును. కాని వానియెదుట ఒక ముదుసలి చెప్పులు విడిచి, కొంగు సవరించుకొని, కన్నులు మూసికొని నిలిచియుండెను. ఆమెకు అది పురావస్తు శాఖవారి కట్టడము కాదు, గుడి.

అప్పుడు నాకొక సంగతి స్ఫురించినది. ధాన్యపుకొట్టునకు ఏమి కావలెనో ముందు చెప్పితిని: దళసరి గోడ, ఒకటే వాకిలి, కిటికీలు లేని చీకటి, పైన చిన్న రంధ్రము. చెఱసాలకు కావలసినది ఏమి? అవే. గింజ బయటికి పోకుండ కాపాడు గోడ మనిషిని కూడ బయటికి పోనీయదు. అందుచేతనే కొట్టు చెఱగా మాఱుటకు ఒక్క తాళముకప్ప తప్ప వేఱు మార్పు అక్కఱలేకపోయినది. మఱి దేవాలయపు గర్భగుడికి కావలసినదేమి? అదియు అంతే! దళసరి గోడలు, ఒకటే ద్వారము, చల్లని చీకటి, అందులో నొక చిన్న వెలుగు. రాజు గింజకొఱకు కట్టిన గదికి తెలియకయే గర్భగుడి లక్షణములన్నియు ఉన్నవి. లోపల దాచిన వస్తువు మాఱినకొలది గది పేరు మాఱినది, గోడలు మాఱలేదు.

ఇది గోలకొండలో నొక్కనాటి ముచ్చట కాదు. నిజాముల కాలమునను ఆ కోట ధనాగారముగాను, రాజ్యపు చెఱసాలగాను ఉపయోగపడుచున్నట్లు 1911లో వెలువడిన ఆంగ్ల విజ్ఞానసర్వస్వము వ్రాసినది. ధనమును దాచుచోటు, మనిషిని దాచుచోటు ప్రక్కప్రక్కనే యుండుట అప్పటికిని తప్పలేదు.

దీనికి ఎదురుగా పాతనగరములో మఱియొక కథ కలదు. మూసీకి దక్షిణమున, పత్తర్‌గట్టీకి చేరువను బాదుషాహీ ఆషూర్‌ఖానా యున్నది. మొహరమునాళ్లలో పీర్లను నిలుపుటకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590 తరువాతి యేండ్లలో దానిని కట్టించెను. లోపలిగోడలకు నీలము, పసుపు, ఆకుపచ్చ వన్నెల మెఱుగుపలకలు తాపింపబడినవి. ఆ పని 1611లో ముగిసినది. 1687లో కోట పడిన పిమ్మట మొగలుల యేలుబడిలో ఆ పవిత్రశాల బండిఖానా అయినది. ఖానా పారసీకము, బండి మన యెడ్లబండియే! విశాలమైన ముంగిలి, ఎదుట తెఱపియైన చావడి ఉన్నచోట బండ్లు నిలుపుట, పశువులను కట్టుట సులభము గదా. చాలకాలము అట్లు గడచినది. తుదకు 1762 మొదలు 1803 వఱకు పాలించిన నిజాం అలీఖాను బండ్లను తోలించి, దానిని మరల ఆషూర్‌ఖానాగా చేసి, ముందువైపు కొయ్యస్తంభముల చావడిని చేర్పించెను. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగినప్పుడు వఱదనీరు లోనికి వచ్చి గోడల క్రిందిభాగపు పలకలను పాడుచేసినది. పలకలు పోయినచోట రంగులు పూసిరి. పై వరుసలు నేటికిని మెఱయుచునే యున్నవి. ప్రతి మొహరమునకు పీర్లు నిలుచుచునే యున్నవి.

ఈ మూడు కట్టడములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కొట్టు చెఱయై, చెఱ గుడియైనది. ఆషూర్‌ఖానా బండ్లకొట్టమై, మరల ఆషూర్‌ఖానా అయినది. రెండును నిలిచియున్నవి. మొదటినుండి తుదివఱకు ధాన్యపుకొట్టుగానే యుండిన అంబార్‌ఖానా మాత్రము శిథిలమైనది. ధాన్యము తెచ్చు రాజ్యము పోయినది. ధాన్యము తిను సైన్యము పోయినది. వేఱొక పని దానికి ఎవ్వరును చెప్పలేదు. శాసనమున్న కట్టడము కూలినది. శాసనములేని గది, ఒక ఖైదీ గోడమీద గీచిన బొమ్మలవలన నిలిచినది. దాని బలము ఒక్క రాతియందే లేదు. తలుపు తీసి, ఊడ్చి, దీపము పెట్టువారు ఉన్నంతకాలము కట్టడము బ్రతుకును. అట్టివారు లేనినాడు రావిమొలక గోడను చీల్చుటకు పదేండ్లు చాలును.

పెద్దలారా! ఈ మాట రాజుల కోటలకే పరిమితము కాదని మీకు నేను చెప్పనక్కఱలేదు. మీ యూళ్లలో పాత కొటారులున్నవి, బండల గిడ్డంగులున్నవి, ఎవరును కూర్చుండని చావడులున్నవి, గడీలున్నవి. గాదెలలో వడ్లు పోయుట తగ్గినది. ధాన్యము కళ్లమునుండియే లారీలకెక్కి పోవుచున్నది. ఇక ఈ గోడలెందులకని కొందఱు రాళ్లు పెఱికి అమ్ముకొనుచున్నారు. వారిని నేను తప్పుపట్టను. పనికిరాని గోడను కాపలాకాయుట బీదకు భారమే. కాని పెఱుకుటకు ముందు ఒక్కమాఱు ఆ గోడను అడిగి చూడుడు: నీకు వేఱు పని యేదైన వచ్చునా? చల్లని చీకటికొట్టు విత్తనములు నిలువచేయుటకు పనికివచ్చును. బండల గిడ్డంగి గ్రంథాలయము కావచ్చును. చావడిలో పిల్లలు చదువుకొనవచ్చును. గోలకొండలో నొక్క ఖైదీ యొక్క కొట్టును కాపాడగలిగినప్పుడు, ఊరంతయు కలిసి యొక చావడిని కాపాడలేదా?

బాగుచేయుటకు పూనుకొన్నవారికి ఒక్క హెచ్చరిక. పాత గచ్చుగోడకు సిమెంటు పూయకుడు. సున్నపుగోడ ఊపిరి పీల్చును. తేమను పీల్చి మరల బయటికి వదలును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి గోడను కుళ్లించును. గానుగసున్నము నూఱుట మీ తాతలకు తెలిసిన విద్యయే. కుతుబ్‌షాహీ సమాధులను 2013 మొదలుకొని బాగుచేసినవారును పాత సిమెంటుపూతలను తొలగించి సున్నమునే వాడిరి.

ఎప్పుడైన హైదరాబాదు పోయినప్పుడు, కాలిలో సత్తువ యున్నచో, గోలకొండ మెట్లెక్కుడు. శిఖరమెక్కి నగరము చూచి దిగిపోకుడు. అంబార్‌ఖానా గోడలయొద్ద నొక్క నిమిషము నిలువుడు. ఎన్ని వేల రైతుల చెమట ఆ గోడలనడుమ రాశియై యుండెనో తలంచుకొనుడు. పిదప రామదాసు కొట్టులోనికి పోయి, కన్ను చీకటికి అలవాటుపడువఱకు ఓపికపట్టుడు. ఎదుటిగోడమీద రాములవారు కనబడుదురు. అంతకుముందు ఆ గోడకు ఆనుకొని బస్తాలుండెడివని మఱవకుడు. రాముని మోయుచున్నదియు, ధాన్యమును మోసినదియు ఆ గోడయే.